పాత పికప్‌లో సీట్ బెల్ట్ లేదా? కొత్తది ఆర్డర్ పెట్టే ముందు ఈ రెండూ చెక్ చేయండి

సెకండ్ హ్యాండ్‌లో పికప్ కొనేటప్పుడు ఇంజిన్ సౌండ్ వింటాం, టైర్లు చూస్తాం, ఛాసిస్‌కి తుప్పు పట్టిందేమోనని కిందకి వంగి మరీ చూస్తాం. మొబైల్ ఛార్జర్ సాకెట్ పని చేస్తుందో లేదో కూడా చెక్ చేస్తాం. సీట్ బెల్ట్ లాగి చూసేవాళ్లు మాత్రం చాలా తక్కువ. బండి ఇంటికొచ్చాక తెలుస్తుంది, ఎడమవైపు బెల్టే లేదని. ఒక్కోసారి డ్రైవర్ వైపు కూడా ఉండదు. పట్టీ చిరిగితే ఎవరో కోసి పారేసి ఉంటారు, లేదా సీటు కవర్లు కుట్టించినప్పుడు బకిల్ కిందకి పోయి ఉంటుంది, లేదా యాక్సిడెంట్ తర్వాత క్యాబిన్ రిపేర్ చేసినవాళ్లు మళ్లీ బిగించడం మర్చిపోయి ఉంటారు.

ఇప్పుడు ఆన్‌లైన్‌లో ‘యూనివర్సల్ సీట్ బెల్ట్’ అని కొడితే పేజీల కొద్దీ వస్తాయి. ఫోటోలో అన్నీ ఒకేలా ఉంటాయి: నల్ల పట్టీ, ఎర్ర బటన్. రేటింగ్ చూసి ఆర్డర్ పెట్టేస్తే అయిపోయింది అనిపిస్తుంది. కానీ ఇది ఫోన్ కేస్ లాంటి యాక్సెసరీ కాదు. బెల్ట్ ఎంత మంచిదైనా రెండు విషయాలు కుదరకపోతే అది అలంకారమే. ఒకటి, బోల్టు ఏ ఇనుములోకి వెళ్తోంది. రెండు, రిట్రాక్టర్ ఏ కోణంలో కూర్చుంది. ఈ ఆర్టికల్ మొత్తం ఆ రెండింటి గురించే. రెండోదానికి మీ జేబులో ఉన్న ఫోన్ చాలు.

ముందు లెక్క చూద్దాం

బండి 50 కి.మీ. వేగంతో పోతూ చెట్టుకో, ఆగి ఉన్న లారీకో గుద్దుకుందనుకోండి. 50 కి.మీ. అంటే సెకనుకి దాదాపు 13.9 మీటర్లు. బెల్ట్ లేని మనిషి అదే వేగంతో ముందుకెళ్లి స్టీరింగ్‌కో, డ్యాష్‌బోర్డుకో, అద్దానికో తగులుతాడు. అది సుమారు 10 మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మీద నుంచి కింద పడినదానితో సమానం.

అదే బెల్ట్ ఉంటే? క్యాబిన్ ముందు భాగం నలగడం, పట్టీ కొంచెం సాగడం కలిపి ఆ మనిషి అర మీటరు దూరంలో ఆగాడనుకుందాం. 70 కిలోల మనిషి మీద పడే సగటు బలం సుమారు 13,500 న్యూటన్లు. మన భాషలో చెప్పాలంటే దాదాపు 1,400 కిలోల బరువు. ‘నెమ్మదిగానే పోతాం కదా, చేతులతో డ్యాష్‌బోర్డు పట్టుకుంటే సరిపోతుంది’ అనేవాళ్లకి ఈ నంబర్ చూపించండి. 1,400 కిలోలని చేతులతో ఆపగలిగినవాడు ఎవడూ లేడు.

ఆ బరువంతా చివరికి వెళ్లేది మూడు బోల్టుల దగ్గరికి. భుజం దగ్గర ఒకటి, నడుముకి అటూ ఇటూ ఒక్కోటి. అందుకే చాలా దేశాలు వాడే ఐక్యరాజ్యసమితి నిబంధన ఆర్14 కార్లు, చిన్న గూడ్స్ బండ్లలో ఈ బోల్టు పాయింట్లని పరీక్షించేటప్పుడు భుజం పట్టీ మీద 13,500, నడుము పట్టీ మీద 13,500 న్యూటన్ల బలంతో లాగి చూస్తుంది. కంపెనీ ఇచ్చిన పాయింట్ వెనకాల ఇంత లెక్క ఉంటుంది. డ్రిల్లింగ్ మెషిన్‌తో మనం పెట్టుకున్న రంధ్రం వెనకాల ఏ లెక్కా ఉండదు.

పికప్‌లకి ఇది ఇంకా ముఖ్యం. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ లెక్కల ప్రకారం ముందు సీట్లో బెల్ట్ పెట్టుకుంటే ప్రాణం పోయే ముప్పు కార్లలో 45 శాతం తగ్గితే, పికప్‌ల లాంటి లైట్ ట్రక్కుల్లో 60 శాతం తగ్గుతుంది. ఎత్తుగా ఉండే బండ్లు బోల్తా పడే అవకాశం ఎక్కువ. అప్పుడు మనిషి తలుపులోంచో, అద్దంలోంచో బయటికి విసిరేసినట్టు పడిపోకుండా ఆపేది బెల్టే. మన దేశంలో 2022లో సీట్ బెల్ట్ పెట్టుకోకపోవడం వల్ల 16,715 మంది చనిపోయారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ రిపోర్టు చెబుతోంది. అందులో 8,331 మంది డ్రైవర్లు కాదు, ప్రయాణికులు.

చట్టం సంగతి కూడా రెండు ముక్కల్లో. ముందు సీట్లకి బెల్ట్ ఇవ్వాలన్న రూల్ 1994 నుంచే ఉంది. కాబట్టి 2000ల నాటి పికప్‌లో బెల్ట్ లేదంటే, దాదాపుగా ఎవరో తీసేశారనే అర్థం. పెట్టుకోకపోతే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194బి కింద 1,000 రూపాయల ఫైన్.

లోపల ఏముంది?

మూడు పాయింట్ల బెల్ట్‌ని 1959లో వోల్వో ఇంజినీర్ నీల్స్ బోలిన్ తెచ్చాడు. పేటెంట్ ఉన్నా అందరూ వాడుకోవచ్చని వోల్వో వదిలేసింది. మన భాషలో ఓపెన్ సోర్స్ చేసేసింది. ఇప్పటికీ బేసిక్ డిజైన్ అదే. ఇందులో ఉండే పార్టులు ఇవి:

• పట్టీ: పాలియెస్టర్ నేత. ఆర్16 నిబంధన ప్రకారం బలంగా లాగినప్పుడు కూడా 46 మి.మీ. వెడల్పు తగ్గకూడదు, 14,700 న్యూటన్ల లోపు తెగకూడదు.
• రిట్రాక్టర్: పట్టీ చుట్టుకునే డబ్బా. అసలు టెక్నాలజీ అంతా ఇక్కడే ఉంది.
• పై లూప్: తలుపు వెనకాల ఉండే బి-పిల్లర్ మీద, భుజం పైన ఉండే గైడ్.
• ఇనుప నాలుక, బకిల్: టక్కున లాక్ అయ్యే జంట.
• బోల్టులు: చాలా బండ్లలో 7/16 అంగుళం, అంగుళానికి 20 చుట్లు ఉండే యూఎన్‌ఎఫ్ మర. ఇది మామూలు బోల్టు కాదు, గట్టి ఉక్కుది.

రిట్రాక్టర్‌ని ఒక మెకానికల్ యాక్సెలరోమీటర్ అనుకోవచ్చు. ఫోన్ తిప్పగానే స్క్రీన్ తిరగడానికి లోపల చిన్న సెన్సర్ ఉంటుంది కదా, ఇక్కడ ఆ పని చేసేది ఒక చిన్న గుండు. కరెంటు లేదు, బ్యాటరీ లేదు, సాఫ్ట్‌వేర్ లేదు. బండి సడన్‌గా వేగం తగ్గితే గుండు కదిలి, పైనున్న పంటిని లేపుతుంది. ఆ పన్ను చక్రానికి పట్టుకుని పట్టీని ఆపేస్తుంది. ఆర్16 ప్రకారం మామూలు రకం రిట్రాక్టర్ 0.45 జీ దగ్గర, పట్టీ 50 మి.మీ. కదిలే లోపే లాక్ అవ్వాలి. దీంతో పాటు రెండో సెన్సర్ కూడా ఉంటుంది. అది పట్టీని ఒక్కసారిగా లాగితే పట్టేస్తుంది.

గుండు పని చేయాలంటే దానికి కింద ఏది, పైన ఏది అన్నది కరెక్ట్‌గా ఉండాలి. డిజైన్ చేసిన పొజిషన్ నుంచి 12 డిగ్రీల లోపు వంగితే లాక్ అవ్వకూడదు, 27 డిగ్రీలు దాటితే లాక్ అవ్వాలి. ఈ రెండు నంబర్లు గుర్తు పెట్టుకోండి, ఫిట్టింగ్‌లో పనికొస్తాయి.

మొదటి చెక్: బోల్టు ఎక్కడికి వెళ్తోంది?

ఏదీ కొనకముందే బండి దగ్గరికి వెళ్లండి. టార్చ్ వేసుకుని మూడు చోట్ల వెతకండి: బి-పిల్లర్ పైన, అదే పిల్లర్ కింద నేల దగ్గర, సీటుకి లోపలి పక్కన. ప్లాస్టిక్ మూత, రబ్బరు బిళ్ల, సీటు కవర్, మ్యాట్ వీటి కింద దాక్కుని ఉంటాయి. రంధ్రం దొరికితే వెనకాల మందంగా వెల్డ్ చేసిన నట్టు ఉందో లేదో చూడండి. ఉంటే అది కంపెనీ పాయింట్.

తర్వాత మర చూడాలి. బోల్టు చేత్తో నాలుగైదు చుట్లు తేలిగ్గా వెళ్లాలి. మధ్యలో పట్టేస్తే రెండు కారణాలు: పెయింటు, మట్టి పేరుకుని ఉండాలి, లేదా బోల్టు సైజే వేరై ఉండాలి. మొదటిదైతే ట్యాప్ వేసి శుభ్రం చేయించండి. రెండోదైతే స్పానర్‌తో బలవంతంగా తిప్పొద్దు. 7/16 అంగుళం అంటే 11.1 మి.మీ. పది నంబరు బోల్టు అందులో లూజుగా కూర్చుంటుంది, బిగిసినట్టే అనిపిస్తుంది, లాగితే ఊడొస్తుంది.

చుట్టుపక్కల రేకుని స్క్రూడ్రైవర్ వెనక భాగంతో కొట్టి చూడండి. తుప్పు పొరలు రాలుతున్నా, రేకు లోపలికి నొక్కుకుపోతున్నా ముందు బాడీ వర్క్, ఆ తర్వాతే బెల్ట్. ఉప్పుగాలి తగిలే కోస్తా ఊళ్లలో తిరిగిన బండ్లకీ, ఎరువులు, చేపలు మోసిన బండ్లకీ ఈ చెక్ అస్సలు వదలొద్దు.

కంపెనీ పాయింటే లేకపోతే? మరీ పాత బండ్లలో, లేదా క్యాబిన్ మార్చిన బండ్లలో ఇలా జరుగుతుంది. ఉత్త రేకుకి రంధ్రం పెట్టి వాషర్ వేసి బిగించడం పరిష్కారం కాదు. 1,400 కిలోలు లాగితే వాషర్‌తో సహా రేకు చిరిగి వస్తుంది. ఆ మోడల్ బాడీ గురించి తెలిసిన సర్వీస్ సెంటర్‌లోనో, మంచి బాడీ షాపులోనో రీఇన్‌ఫోర్స్‌మెంట్ ప్లేట్ వేయించి పాయింట్ చేయించాలి. ఇది ఇంట్లో చేసుకునే పని కాదు.

ఏది కొనాలి?

రివ్యూల్లో చేసినట్టే ఆప్షన్లని పోల్చి చూద్దాం.

1. కంపెనీ ఒరిజినల్ పార్ట్: మోడల్, సంవత్సరం, ఛాసిస్ నంబర్ చెబితే స్పేర్ పార్ట్స్ కౌంటర్‌లో పార్ట్ నంబర్ తీస్తారు. కోణం, పట్టీ పొడవు, బోల్టులు అన్నీ సరిపోతాయి. దొరికితే ఇక వేరేది ఆలోచించక్కర్లేదు.

2. యూనివర్సల్ మూడు పాయింట్ల రిట్రాక్టర్ బెల్ట్: ఒరిజినల్ ఆగిపోయిన మోడల్స్‌కి ఇదే దారి. కానీ మౌంటింగ్ కోణం స్పష్టంగా రాసి ఉన్నదే కొనాలి. నిలువు పిల్లర్‌కి ఒక రకం, వాలుగా ఉన్న చోటుకి ఇంకో రకం ఉంటాయి.

3. రిట్రాక్టర్ లేని మూడు పాయింట్ల బెల్ట్: చేత్తో టైట్ చేసుకోవాలి. సరిగ్గా బిగిస్తే బానే పని చేస్తుంది. ప్రాబ్లమ్ ఏంటంటే రోజూ ఎక్కి దిగేవాళ్లు వదులుగా వదిలేస్తారు.

4. నడుము పట్టీ మాత్రమే: పైన పాయింట్ లేని మధ్య సీటుకి మాత్రమే. పక్క సీటుకి ఇది వేస్తే నడుము ఆగుతుంది, తల వెళ్లి డ్యాష్‌బోర్డుకి కొట్టుకుంటుంది.

5. స్క్రాప్ బండి నుంచి తీసిన బెల్ట్: వద్దు. ఆ బండి ఎందుకు స్క్రాప్ అయిందో మనకి తెలీదు. ఒకసారి యాక్సిడెంట్‌లో బరువు మోసిన పట్టీ సాగిపోయి ఉంటుంది, బయటికి కనిపించకపోవచ్చు.

లేబుల్ చదవడం కూడా నేర్చుకోండి. పట్టీ చివర కుట్టిన లేబుల్ మీద తయారీదారు పేరు, తేదీ, ఏ ప్రమాణానికి పాసైందో ఉండాలి. ఆర్16 అప్రూవల్ ఉన్నవాటికి వృత్తంలో ‘ఇ’ అక్షరం, పక్కన దేశం నంబరు ఉంటాయి. ఇంకా ఇంగ్లిష్‌లో ‘ఎ ఆర్ 4 ఎం’ లాంటి కోడ్ కనిపిస్తుంది. ‘ఎ’ అంటే మూడు పాయింట్ల బెల్ట్, నడుము పట్టీ అయితే ‘బి’. ‘ఆర్’ అంటే రిట్రాక్టర్, ‘4’ అంటే ఎమర్జెన్సీలో లాక్ అయ్యే రకం, ‘ఎం’ అంటే ఒకటి కంటే ఎక్కువ సెన్సర్లు. లేబుల్ లేని బెల్ట్‌కి ఐదు స్టార్ల రేటింగ్ ఉన్నా ఉపయోగం లేదు. ఆ స్టార్లు ఇచ్చినవాళ్లలో దాన్ని యాక్సిడెంట్‌లో టెస్ట్ చేసినవాళ్లు ఎంతమంది ఉంటారు?

రెండో చెక్: కోణం

ఈ ఆర్టికల్ కోసం 2000ల నాటి ఒక పికప్‌లో ఎడమవైపు యూనివర్సల్ బెల్ట్ వేస్తుంటే దగ్గరుండి చూశాను. బోల్టులన్నీ బిగించాక పట్టీ లాగితే రాలేదు. నెమ్మదిగా లాగినా లాక్. మెకానిక్ ‘తమ్ముడూ, పీస్ డిఫెక్ట్, వాపస్ చేసెయ్’ అన్నాడు. ఫోన్‌లో లెవల్ యాప్ ఆన్ చేసి రిట్రాక్టర్ ప్లేట్‌కి ఆనించి పెడితే, నిలువుగా ఉండాల్సిన యూనిట్ 31 డిగ్రీలు వాలి ఉంది. అంటే గుండు దృష్టిలో బండి ఎప్పుడూ బోల్తా పడుతున్నట్టే. బ్రాకెట్ తిప్పి 4 డిగ్రీలకి తెచ్చాక పట్టీ వెన్నలా వచ్చింది. పీస్‌లో ఏ డిఫెక్టూ లేదు.

ఇలాంటప్పుడు కొందరు చేసే పని ఇంకా డేంజర్. పక్కనున్న ప్లాస్టిక్ మూత తీసి గుండునే తీసేస్తారు. పట్టీ సాఫీగా వస్తుంది, అందరూ హ్యాపీ. కానీ అప్పుడు బండి వేగం తగ్గడాన్ని పసిగట్టే సెన్సరే లేనట్టు.

కొలిచే పద్ధతి సింపుల్:

• బండిని చదునైన నేల మీద, లోడు లేకుండా ఆపండి.
• ఫోన్ కేస్ తీసేయండి. కెమెరా ఉబ్బు వల్ల వెనకవైపు ఆనదు కాబట్టి ఫోన్ పక్క అంచుని వాడండి.
• లెవల్ యాప్‌ని ముందు నేల మీద పెట్టి సున్నాకి సెట్ చేసుకోండి.
• ముందు-వెనక, ఎడమ-కుడి రెండు దిశల్లోనూ కొలవండి. బాక్స్ మీద చెప్పిన కోణానికి వీలైనంత దగ్గరగా ఉండాలి. 12 డిగ్రీలు చివరి హద్దు, టార్గెట్ కాదు. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు బండి వాలు కూడా దీనికి తోడవుతుంది మరి.

బిగించే వరుస

బండిలో ఎయిర్‌బ్యాగ్ ఉన్నా, బెల్ట్‌కి కరెంటు వైరు ఉన్నా ఇక్కడే ఆగండి. అందులో పేలుడు పదార్థంతో పని చేసే ప్రీటెన్షనర్ ఉండొచ్చు, అది సర్వీస్ సెంటర్ పని. పాత పికప్‌లలో చాలావాటికి ఈ గొడవ లేదు.

1. కోణం సరి చూసుకుంటూ రిట్రాక్టర్ బిగించండి.
2. పై లూప్ పెట్టండి. బోల్టు పూర్తిగా బిగించాక కూడా లూప్ అటూ ఇటూ స్వేచ్ఛగా తిరగాలి. తిరగకపోతే స్పేసర్, వాషర్ వరుస తప్పినట్టే.
3. కింది చివర బిగించే ముందు పట్టీ మెలిపడలేదని పై నుంచి కింద దాకా వేళ్లతో తడిమి చూడండి.
4. బకిల్ సీటు కవర్ బయటికి ఉండాలి. కవర్‌కి చీలిక పెట్టించుకోవడానికి బద్ధకించొద్దు. లోపలికి పోయే బకిల్‌ని వారం తర్వాత ఎవరూ వెతకరు.
5. బెల్ట్‌తో వచ్చిన బోల్టులే వాడండి. వేరేవి తప్పనిసరైతే తల మీద గుర్తు చూడండి: అంగుళాల బోల్టుకి ఆరు గీతలుంటే గ్రేడ్ 8. గుర్తు లేని బోల్టు వద్దు.
6. సర్వీస్ మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి, టార్క్ రెంచ్‌తోనే బిగించండి.

టెస్టింగ్ లేకుండా రిలీజ్ చేయొద్దు

• లాగుడు టెస్ట్: పట్టీని ఒక్కసారిగా గుంజితే ఆగాలి, నెమ్మదిగా లాగితే రావాలి. పదిసార్లు లాగితే పదిసార్లూ ఆగాలి.
• బకిల్ టెస్ట్: టక్ మని వినపడాలి. గట్టిగా లాగినా ఊడకూడదు, బటన్ నొక్కగానే ఒక్క చేత్తో రావాలి.
• బ్రేక్ టెస్ట్: ఖాళీ మైదానంలో 10 కి.మీ. వేగంతో పోతూ బ్రేక్ గట్టిగా వేయండి. బెల్ట్ పట్టాలి. పట్టకపోయినా దెబ్బ తగలకుండా పక్కన కూర్చున్నవాళ్లు చేతులు డ్యాష్‌బోర్డు మీద సిద్ధంగా పెట్టుకోవాలి.
• ఫిట్ టెస్ట్: పట్టీ భుజం మధ్యలోంచి రావాలి, మెడకి రాసుకోకూడదు. కింది పట్టీ తుంటి ఎముకల మీద ఉండాలి, పొట్ట మీద కాదు.

ఈ జుగాడ్‌లు అస్సలు వద్దు

తెగిన పట్టీని చెప్పులు కుట్టేచోట కుట్టించడం, రెండు ముక్కలకి ముడి వేయడం, ఒకే బెల్ట్‌లో ఇద్దరు దూరడం, ఒళ్లో పిల్లాణ్ని కూర్చోబెట్టుకుని ఇద్దరికీ కలిపి పెట్టుకోవడం. ఆఖరిదానిలో అయితే పెద్దవాళ్ల బరువంతా ఆ పిల్లాడి మీదే పడుతుంది.

అలారం ఆపడానికి బకిల్‌లో పెట్టే క్లిప్పులు గ్యాడ్జెట్‌ల పేరుతోనే అమ్ముడయ్యేవి. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ ఐదు ఈ-కామర్స్ కంపెనీల మీద ఆర్డర్లు ఇచ్చి, 13,118 లిస్టింగులు తీసేయించింది. పాత పికప్‌లో అలారం ఉండదు కాబట్టి గుర్తు చేయాల్సింది మనమే.

మెయింటెనెన్స్‌కి పెద్దగా ఏమీ అక్కర్లేదు. పట్టీకి మట్టి పడితే మామూలు సబ్బు నీళ్లతో తుడిచి నీడలో ఆరబెట్టండి. బ్లీచింగ్, పెట్రోల్, డీజిల్ తగలనివ్వొద్దు. అంచులు పీచుపీచుగా లేచినా, ఒకసారి యాక్సిడెంట్‌లో బరువు మోసినా, మొత్తం సెట్ మార్చేయడమే.

మా మాట

ఒరిజినల్ పార్ట్ దొరికితే అదే తీసుకోండి. దొరక్కపోతే లేబుల్, మౌంటింగ్ కోణం రెండూ ఉన్న యూనివర్సల్ మూడు పాయింట్ల బెల్ట్. పాయింట్లు గట్టిగా ఉంటే టార్క్ రెంచ్ ఉన్న మెకానిక్ ఎవరైనా చేసేయగలడు. పాయింట్లు లేకపోయినా, తుప్పు పట్టినా డబ్బు ముందు ఇనుము మీద పెట్టండి, బెల్ట్ మీద కాదు. అది పూర్తయ్యేదాకా ఆ సీట్లో ఎవరినీ ఎక్కించొద్దు.

పికప్‌లో ఎడమ సీటు ఎప్పుడూ ఖాళీగా ఉండదు. లోడు దించడానికి వచ్చే కుర్రాడో, తెల్లారగట్ల మార్కెట్‌కి వచ్చే రైతో, దారిలో లిఫ్ట్ అడిగిన ఊరివాడో కూర్చుంటారు. బండి వాళ్లది కాదు, బెల్ట్ లేదని అడిగే చొరవ కూడా వాళ్లకి ఉండదు. కాబట్టి ఆ సీటు చెక్ చేయాల్సింది బండి ఓనరే. ఇవాళే ఒకసారి తలుపు తీసి, ఎడమవైపు పట్టీ గట్టిగా గుంజి చూడండి.